జట్టు ఢిల్లీకి... అభిమాని గచ్చిబౌలిలోనే

2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు పేరు మార్చుకుంది. పేరుతో పాటు ఊరూ మార్చుకుంది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని కొత్త బోర్డు తగిలించుకుని రాజధానికి వెళ్లిపోయింది. క్రికెట్ జట్టు అలా చెప్పాపెట్టకుండా మూటాముల్లె సర్దుకుంటే ఊరు అట్టుడికిపోయేది. టీవీల్లో మూడు రోజులు చర్చలు నడిచేవి, ఏదో ఒక పార్టీ బంద్‌కు పిలుపిచ్చేది. ఇక్కడ మెట్రో మామూలుగానే తిరిగింది. ఇరానీ హోటళ్లలో సమోసాలు మామూలుగానే అయిపోయాయి. పసుపు జెర్సీ కొనుక్కుని ఏళ్ల తరబడి గచ్చిబౌలి స్టేడియం మెట్లెక్కిన కొన్ని వేలమందికి మాత్రం కడుపు మండింది. ఆ మంట వెళ్లగక్కుకోవడానికి ఓ గుమ్మం కూడా లేకపోయింది.

బయటివాళ్లకు ఈ కోపం అర్థం కాదు. ‘ఎలాగూ ఓడిపోతూనే ఉన్నారు కదా, పోతే పోయారు’ అనేస్తారు. ఓటమి అభిమానికి కొత్తా? వరసగా పది మ్యాచ్‌లు ఓడినా పదకొండోదానికి వస్తాడు. తిట్టుకుంటూ వస్తాడు, కోచ్‌ను మార్చాలంటాడు, రిఫరీకి కళ్లు కనపడవంటాడు, కానీ వస్తాడు. వాడు భరించలేనిది ఒక్కటే. తన ప్రమేయం, తన ఊరి ప్రమేయం ఏమీ లేకుండానే అంతా జరిగిపోవడం. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ పతనం ఆరేళ్లలో జరిగిన కథ అనుకుంటారు గానీ, దాని వయసు అరవై ఏళ్లు. ఆ అరవై ఏళ్లలో ఏ మలుపులోనూ చూసేవాణ్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ముందు ఈ ఆరేళ్ల లెక్క చూద్దాం. చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

పుణె చెప్పిన పాఠం

2019 ఆగస్టు 27న హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. నిజానికి పుట్టలేదు, బదిలీ మీద వచ్చింది. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో పుణె సిటీ అనే జట్టు అప్పుల్లో మునిగి మూతపడితే, ఆ ఖాళీ హైదరాబాద్‌కు దక్కింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులు. కొన్నాళ్లకు నటుడు రానా కూడా సహ యజమానిగా వచ్చి చేరాడు. మనవాళ్లు పండగ చేసుకున్నారు. అయిదేళ్లు పుణె జట్టు వెంట తిరిగిన అక్కడి అభిమానులు ఆ వారం ఏమయ్యారని మన దగ్గర ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు తడుతోంది. జట్టు ఊరిది కాదు, లైసెన్సుది అన్న సంగతి అప్పుడే పుణె మనకు చెప్పింది. వినే మూడ్‌లో మనం లేము.

అంతకు ముందు సంగతీ ఒకటుంది. 2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పుడు ఎనిమిది జట్లలో హైదరాబాద్ పేరు లేదు. తెలుగువాళ్ల దగ్గర డబ్బు లేకనా? 2016లో చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్ ఫుట్‌బాల్ జట్టులో వాటాదారులయ్యారు. ఆ జట్టు కేరళ బ్లాస్టర్స్. వ్యాపారంగా చూస్తే తప్పు పట్టలేం. కొచ్చిలో గ్యాలరీ నిండుతుంది, ఇక్కడ నిండుతుందన్న నమ్మకం లేదు. అయినా ఒలింపిక్స్‌కు ఆటగాళ్లను పంపిన ఊరి మీద తెలుగువాళ్లకే నమ్మకం లేదన్నది మాత్రం గుచ్చుకునే మాటే.

తొలి సీజన్ తొలి మ్యాచ్ కోల్‌కతాలో. అయిదు గోల్స్ ఇచ్చుకున్నాం, ఒక్కటీ వేయలేదు. గచ్చిబౌలిలో తొలి మ్యాచ్ 2019 నవంబరు 2న, అదే కేరళతో. 2-1తో గెలిచాం. మార్సెలిన్యో కొట్టిన ఫ్రీకిక్ వలలో పడ్డ క్షణం చూసినవాళ్లు ఇప్పటికీ దాన్ని చెప్పుకుంటారు. ఆ సీజన్లో చెప్పుకోవడానికి అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. పద్దెనిమిది మ్యాచ్‌లకు రెండు విజయాలు, పది పాయింట్లు, పది జట్లలో పదో స్థానం.

తర్వాత కొవిడ్. లీగ్ మొత్తాన్ని గోవాకు తరలించి, ప్రేక్షకులు లేకుండా తలుపులు మూసి ఆడించారు. అక్కడే మన జట్టుకు రోజులు మారాయి. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. పెద్దగా పేరులేని భారతీయ కుర్రాళ్లను ఏరి కూర్చి, భయం లేకుండా ఆడించాడు. 2020-21లో అయిదో స్థానం. మరుసటి ఏడు లీగ్‌లో రెండో స్థానం. నైజీరియా స్ట్రైకర్ బార్తలోమ్యూ ఒగ్‌బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో ఫైనల్, మళ్లీ కేరళతోనే.

ఫైనల్‌కు జనాన్ని రానిచ్చారు. గ్యాలరీ అంతా పసుపు. మన రంగే. కానీ ఆ జనం మనవాళ్లు కాదు. రెండు జట్ల రంగూ పసుపే కావడంతో లీగ్‌లో పైన నిలిచిన మనవాళ్లు పసుపు తొడుక్కున్నారు. కేరళ ఆటగాళ్లు వేరే రంగులో దిగినా, రైళ్లూ బస్సులూ పట్టుకుని వచ్చిన వాళ్ల అభిమానులు తమ పసుపును వదల్లేదు. అరవై ఎనిమిదో నిమిషంలో కేరళ గోల్ కొట్టినప్పుడు టీవీలో వినిపించిన ఆ హోరు ముందు హైదరాబాద్ ఇళ్లలో ఎవరికీ నోట మాట రాలేదు. ఎనభై ఎనిమిదో నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి బాదిన బంతి వలలో పడింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపేశాడు. 3-1. చాంపియన్లం.

ఇక్కడే ఆ లెక్క. ఆ కప్పు గెలిచిన సీజన్లో హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అంతకు ముందు సీజన్లోనూ అంతే. క్లబ్ బతికిన ఆరు సీజన్లలో సొంతూళ్లో ఆడినవి నాలుగు. ఆ నాలుగింటిలో ఒకసారి ఆఖరి స్థానం, ఒకసారి రెండో స్థానం, మళ్లీ ఆఖరి స్థానం, ఆ తర్వాత పదమూడు జట్లలో పన్నెండు. గచ్చిబౌలి మెట్ల మీద కూర్చున్నవాడు కళ్లారా చూసిన వైభవం అచ్చంగా ఒక్క సీజన్. మిగతాదంతా టీవీలో చూసిందే.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఫైనల్‌లో మొదట బరిలోకి దిగిన పదకొండు మందిలో తెలుగు కుర్రాడు ఒక్కడూ లేడు. గోవా, మణిపూర్, సిక్కిం, ఉత్తరప్రదేశ్, బెంగాల్, మహారాష్ట్రల నుంచి వచ్చినవాళ్లూ, ముగ్గురు నలుగురు విదేశీయులూ. అందులో తప్పేమీ లేదు, ప్రపంచమంతా ఇదే తీరు. కానీ కష్టకాలం వచ్చినప్పుడు ఇది తేలింది. ఊళ్లో ఏ బస్తీకీ ‘మావాడు ఆడుతున్నాడు’ అనే దారం ఆ జట్టుతో ముడిపడి లేదు.

ఆ లెఫ్ట్ బ్యాక్ ఎవరన్నా?

2022-23 సీజన్ గురించి అభిమానులు మాట్లాడుతుంటే వినాలి. గచ్చిబౌలిది అథ్లెటిక్స్ కోసం కట్టిన స్టేడియం. 2002 నేషనల్ గేమ్స్‌కు తయారైంది. గ్యాలరీకీ గడ్డికీ మధ్య ఎనిమిది లేన్ల పరుగు దారి. అవతలి గోల్ దగ్గర గొడవైతే ఏం జరిగిందో ఇవతలివాళ్లకు కనపడదు, పక్కవాడి ఫోన్‌లో చూసుకోవాలి. కేకలు ఆటగాళ్ల దాకా చేరేసరికి నీరసపడిపోతాయి. అందుకే ఇక్కడ డప్పు ముఖ్యం. నలుగురు కుర్రాళ్లు తొంభై నిమిషాలూ వాయిస్తూనే ఉండేవాళ్లు. చేతులు బొబ్బలెక్కితే పక్కవాడికి అందించేవాళ్లు. ఆ ఏడాది 20 మ్యాచ్‌లకు 42 పాయింట్లు, రెండో స్థానం. సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడారు. అదే ఆఖరి మంచి రోజు అని ఆ రాత్రి ఎవరికీ తెలియదు.

మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు. ఒకరి తర్వాత ఒకరు పేరున్న ఆటగాళ్లు జారుకున్నారు. 2023-24 సీజన్ నడుస్తుండగానే డబ్బుల కథ బయటపడింది. జీతాలు అందడం లేదని ఆటగాళ్ల ఫిర్యాదులు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం. కోచ్ వెళ్లాడు. విదేశీ ఆటగాళ్లు చాలావరకు వెళ్లారు. మిగిలిన కుర్రాళ్లను, అకాడమీ పిల్లలను పోగేసి థాంగ్‌బోయ్ సింగ్టో జట్టు నడిపించాడు. రెండేళ్ల కిందటి చాంపియన్లు 22 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటి. చెన్నైయిన్ మీద 1-0. మొత్తం ఎనిమిది పాయింట్లు.

ఆ శీతాకాలంలో స్టేడియానికి వెళ్తే వినిపించే మాటలు వేరుగా ఉండేవి. నా ముందు వరసలో ఇద్దరు. ఇద్దరివీ చాంపియన్ల ఏడాది జెర్సీలే, రంగు వెలిసిపోయాయి.

“ఆ లెఫ్ట్ బ్యాక్ ఎవరన్నా?”

“నాకూ తెల్వది తమ్మీ. పోయిన మ్యాచ్‌ల లేడు.”

“మంచిగనే ఉరుకుతున్నడు.”

“ఉరుకనియ్యి. జీతమన్న వస్తుందో లేదో పాపం.”

వాళ్లు ఆ రాత్రి ఆటగాళ్లను ఒక్క మాటా అనలేదు. మామూలుగా పతనం అంటే ఆటగాళ్ల మీద ఈలలు, కోచ్ మీద బ్యానర్లు. ఇక్కడ తిట్టడానికి మైదానంలో ఎవరూ లేరు. ఉన్నవాళ్లు పంతొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు, ఊపిరి బిగబట్టి పరిగెడుతున్నారు. తిట్టాల్సినవాళ్లు స్టేడియానికి రారు. అభిమాని కోపానికి దారి మూసుకుపోతే అది జాలిగా మారుతుంది. జాలిపడేవాడు టిక్కెట్టు కొని రావడం ఎంతకాలం? గ్యాలరీ పలచబడింది. డప్పు ఒకటే మిగిలింది. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను తీసుకుంది. ఊపిరి నిలిచిందనుకున్నాం. ఏడాది తిరిగేసరికి ఢిల్లీ రైలెక్కింది.

అదే ఏడాది రెండు ముచ్చట్లు జరిగాయి, విధి వెక్కిరింత అంటే అవే. 2024 ఏప్రిల్‌లో ‘మైదాన్’ సినిమా విడుదలైంది. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీంగా అజయ్ దేవ్‌గణ్ నటించాడు. సరిగ్గా ఆ నెలలోనే రహీం ఊరి జట్టు అట్టడుగున సీజన్ ముగించింది. ఇక సెప్టెంబరులో భారత జట్టు ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఆడటానికి గచ్చిబౌలికి వచ్చింది. కొత్త జాతీయ కోచ్ ఎవరనుకున్నారు? మనకు కప్పు తెచ్చిన మనోలో మార్కెజే. మారిషస్‌తో గోల్ లేకుండా డ్రా, సిరియా చేతిలో 0-3. హైదరాబాద్‌కు ఆయన తిరిగి రావడమైతే వచ్చాడు గానీ, వెంట తెచ్చిన ఆట మనకు తెలిసినది కాదు.

రహీం సాబ్ ఊరు

ఇప్పుడు వెనక్కి పోక తప్పదు. పాతబస్తీలో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘రహీం సాబ్’ అనే అంటారు, ఉత్త పేరు పెట్టి పిలవరు. 1909లో పుట్టిన రహీం వృత్తి రీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదివాడు, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పాఠాలు చెప్పాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పగ్గాలు పట్టాడు. ఆ ఏడాదే ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు ఎత్తుకొచ్చారు. రాష్ట్ర జట్టు 1956-57, 1957-58లలో సంతోష్ ట్రోఫీ గెలిచింది. అప్పట్లో కలకత్తా క్లబ్బులకు చెమటలు పట్టించిన జట్టు ఏదంటే, ఖాకీ చొక్కాల వాళ్లదే.

రహీం పద్ధతి పంతులు పద్ధతే. కుడికాలి ఆటగాళ్లకు ఎడమకాలితోనే ఆడాలనే షరతు మీద పోటీలు పెట్టేవాడు. డ్రిబ్లింగ్ చేస్తే కుదరదని, బంతి వెంటనే వదలాలని నేర్పేవాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత ఆటగాళ్లు చాలామంది ఉత్తకాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆయన కోచ్‌గా భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీస్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం. అందరూ మన ఊరివాళ్లే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరింది. 1963 జూన్ 11న రహీం పోయాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం మళ్లీ రాలేదు.

బలరాం సంగతి కాస్త చెప్పాలి. సికింద్రాబాద్ అవతల అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టాడు. సిటీలోకి ప్రాక్టీసుకు రావాలంటే బండి లేదు. రహీం అద్దె సైకిల్‌కు డబ్బులిచ్చి రప్పించేవాడు. ఆ సైకిల్ కుర్రాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టాడు. అప్పటికే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఆ తర్వాత జీవితం బెంగాల్లోనే గడిచింది, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. ప్రతిభను గుర్తించింది మనం, సైకిల్ అద్దె కట్టింది మనం, ఆయన్ను నెత్తిన పెట్టుకున్నది మాత్రం కోల్‌కతా.

ఈ ఊరి పతనానికి మొదటి కారణం ఇదే. నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... తరం తర్వాత తరం అదే రైలెక్కారు. 1977లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే, మోహన్ బగాన్ తరఫున హబీబ్ గోల్ కొట్టాడు. మ్యాచ్ 2-2తో డ్రా. ఆ గోల్‌ను కోల్‌కతా తన చరిత్రలో రాసుకుంది. హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో చనిపోతే కోల్‌కతా క్లబ్బులు జెండాలు దించాయో లేదో గానీ, ఇక్కడ చాలామందికి ఆయన ఎవరో గుర్తుచేయాల్సి వచ్చింది.

రెండో కారణం ఉద్యోగం. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు వెన్నెముక క్లబ్ కాదు, కొలువు. పోలీసు జట్టులోకి వస్తే నెల జీతం, క్వార్టర్స్, పింఛను. బార్కస్‌లోనో, తిరుమలగిరిలోనో బంతి తన్నుతున్న కుర్రాడికి తండ్రి అడ్డుచెప్పకపోవడానికి కారణం అదే. ‘ఆడుకో బేటా, నౌకరీ వస్తది’ అనే మాట ఎన్ని తరాలను మైదానంలోకి తోసిందో! పోలీసుతో పాటు ఆర్మీ ఈఎంఈ సెంటర్, రైల్వే జట్లుండేవి. రాష్ట్రం పేరు మారి ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయ్యాక కూడా 1961లో డ్యూరాండ్ గెలిచారు. 1965-66లో రాష్ట్రం సంతోష్ ట్రోఫీ మూడోసారి అందుకుంది. అదే ఆఖరు. తర్వాత క్రీడా కోటా చిక్కిపోయింది, నియామకాలు ఆగాయి, డిపార్ట్‌మెంట్‌లో ఆడేవాళ్లు రిటైరయ్యారు, వాళ్ల చోట్లోకి వచ్చినవాళ్లు ఆడేవాళ్లు కాదు. ఒక్క ఉత్తర్వుతో మూసేస్తే గొడవ చేసేవాళ్లమేమో. ఖాళీలు భర్తీ చేయకుండా వదిలేస్తే గొడవ ఎవరు చేస్తారు?

1983లో కపిల్ కప్పు ఎత్తాక మైదానాల్లో వికెట్లు పాతుకున్నాయి. సంఘాల కుమ్ములాటలు మామూలే, వాటి గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. మైదానాల కథ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. పోలీసుల గోషామహల్ మైదానంలో ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి వద్దనేంత మూర్ఖులు ఎవరూ ఉండరు, పాత ఉస్మానియా పెచ్చులూడుతున్న సంగతి అందరికీ తెలుసు. అయితే ఈ ఊళ్లో ఏది కట్టాలన్నా ముందు అధికారుల కంటికి ఖాళీగా కనిపించేది పిల్లలాడే జాగానే. అదేం విచిత్రమో!

తలుపు తట్టడానికి ఓ చిరునామా

కోల్‌కతా అభిమానుల కోపం చూస్తే నాకు అసూయ. 2021 జులైలో ఈస్ట్ బెంగాల్ పెద్దలు పెట్టుబడిదారుతో ఒప్పందం మీద సంతకం చేయకుండా నానుస్తుంటే, వేలమంది క్లబ్ టెంట్ ముందుకు చేరారు. పోలీసులు లాఠీలు ఝళిపించారు. దెబ్బలు తిన్నారు. కానీ ఆ దెబ్బలు తినడానికి వాళ్లకో టెంట్ ఉంది, వందేళ్ల చిరునామా ఉంది. అదే ఏడాది మే 2న మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులు యజమానులైన గ్లేజర్ కుటుంబం మీద కోపంతో ఓల్డ్ ట్రాఫర్డ్‌లోకి చొచ్చుకెళ్లి లివర్‌పూల్‌తో మ్యాచే వాయిదా వేయించారు. 2013లో కోచ్ ఫెర్గూసన్ దిగిపోయాక ఆ జట్టు మళ్లీ లీగ్ గెలవలేదు. 2024-25లో పదిహేనో స్థానానికి పడిపోయింది. హైదరాబాద్‌లో దాన్ని తలుచుకుని అర్ధరాత్రి నిద్ర చెడగొట్టుకునేవాళ్లు గచ్చిబౌలి గ్యాలరీకి వచ్చినవాళ్ల కంటే ఎక్కువే ఉంటారని నా అనుమానం. వాళ్లను చూసి నవ్వనక్కర్లేదు. దాదాపు అయిదువేల మైళ్ల దూరంలో ఉన్నా ఆ జట్టు వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుందని వాళ్లకు ధీమా. పక్కనే ఉన్న గచ్చిబౌలి ఆ ధీమా ఇవ్వలేకపోయింది.

మన అభిమానికి సరైన తోడు మాంచెస్టర్ కాదు, లండన్‌లోని వింబుల్డన్. అక్కడి జట్టును దాదాపు తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి యజమానులకు 2002లో అనుమతి వచ్చింది. అభిమానులు ఏడుస్తూ కూర్చోలేదు. కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత జట్టు పెట్టుకున్నారు. ఆటగాళ్లు కావాలని ప్రకటించి, ఊరి పార్కులో సెలక్షన్స్ పెట్టారు. ఎక్కడో తొమ్మిదో అంచెలో మొదలై, 2011 నాటికి ప్రొఫెషనల్ లీగ్‌లోకి వచ్చారు. 2020లో ప్లౌ లేన్‌లోని తమ పాత స్టేడియానికి కూతవేటు దూరంలో కొత్తది కట్టుకుని తిరిగొచ్చారు. జట్టు యజమానులు అభిమానులే.

మన దగ్గర అది కుదురుతుందా? కుదరదని కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. నాకూ సందేహమే, కానీ కారణం డబ్బు కాదు. వింబుల్డన్ అభిమానులు కింది మెట్టు మీద అడుగుపెట్టగానే అక్కడ వాళ్ల కోసం లీగ్ ఉంది, ప్రతి శనివారం మ్యాచ్ ఉంది, రిఫరీ ఉన్నాడు, గడ్డి ఉంది. మన ఊళ్లో కింద మెట్లే కూలిపోయాయి. పైమెట్టు మీద పెట్టిన ఫ్రాంచైజీ ఆరేళ్లు వేలాడి పోయింది. బార్కస్ పిల్లాడికి ఏడాదికి ముప్పై మ్యాచ్‌ల స్థానిక లీగ్ ఖాయంగా దొరికితే ఐఎస్ఎల్ జట్టు ఊళ్లో లేకపోయినా ఫుట్‌బాల్ ఉన్నట్టే. అది లేకుండా ఎన్ని ఫ్రాంచైజీలు వచ్చినా మళ్లీ అద్దెకున్నట్టే.

ఊళ్లో ఆట పూర్తిగా చచ్చిపోలేదు. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి డెక్కన్ జట్టు ఉంది. విశాఖ పేరుతో మొదలై ఇక్కడికి చేరింది. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండేళ్లూ రెండో స్థానం. ఒక్క మెట్టెక్కితే ఐఎస్ఎల్, ఆ ఒక్క మెట్టే దక్కలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య దేశానికి ఆడుతోంది, ఈస్ట్ బెంగాల్ అమ్మాయిల జట్టులో గోల్స్ కొడుతోంది. అవును, మళ్లీ కోల్‌కతాలోనే. బలరాం వెళ్లిన దారే.

ఢిల్లీ జట్టును ఏం చేయాలన్నదాని మీద పాత పసుపు జెర్సీల మధ్య ఇంకా తేలలేదు. కొందరు ఆటగాళ్ల కోసం చూస్తామంటారు. కొందరు ఆ పేరే ఎత్తొద్దంటారు. వాళ్లను ముందుగా అడిగినవాళ్లు మాత్రం లేరు. అదే ఇంగ్లండ్‌లో 2025 జులైలో ఫుట్‌బాల్ పాలనకు ప్రత్యేక చట్టం వచ్చింది. క్లబ్ ఊరు మారాలన్నా, గుర్తు మారాలన్నా యజమాని ఇష్టారాజ్యం కుదరదు, అభిమానుల మాట వినాలి, పైన నియంత్రణ సంస్థ ఒప్పుకోవాలి. మూడు నెలలైనా తిరక్కముందే మన జట్టు ఒక ప్రకటనతో మాయమైంది.

ఇక ఢిల్లీ అభిమానులు. జట్టు వచ్చిందని వాళ్లు గంతులేస్తున్నారనుకుంటే పొరపాటు. వాళ్లకూ 2014 నుంచి ఢిల్లీ డైనమోస్ అనే జట్టుండేది. 2019 ఆగస్టులో, మనకు పుణె లైసెన్సు దక్కిన ఆ వారంలోనే, డైనమోస్ భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయిపోయింది. కొత్త జెర్సీకి డబ్బులు పెట్టేముందు వాళ్లు ఓసారి ఆలోచిస్తారు. మనం 2019లో ఆలోచించలేదు.